లైనర్ పూల్‌లో నీళ్ళు తగ్గుతున్నాయా? ముందు ఆ ఇంజను పక్కన పెట్టండి

మాది రాజోలు దగ్గర కొబ్బరితోటలో నాలుగు గదుల గెస్ట్‌హౌసండి, వెనకాల వినైల్ లైనర్, అంటే సిమెంటు, టైల్స్ బదులు లోపలంతా పరిచే ప్లాస్టిక్ షీటు, వేసిన స్విమ్మింగ్ పూల్ ఒకటుంది. రెండేళ్ళ కింద నీళ్ళు తగ్గుతున్నాయని ఒక మేస్త్రీని పిలిస్తే "తోడేసి చూద్దామండీ, గంటలో దొరికేస్తాది" అన్నాడు. చేలో వాడే డీజిల్ ఇంజను పెట్టి సాయంత్రానికల్లా ఖాళీ చేసేశాం. తెల్లారి చూస్తే లైనర్ పూరీలా పొంగి కూర్చుంది. కాలవల్లో నీళ్ళున్న రోజులు కదా, మా వైపు నాలుగైదు అడుగులు తవ్వితే ఊట వచ్చేస్తుంది, మరి పూల్ లోతేమో అయిదడుగులు! లోపలి నీళ్ళ బరువే ఆ షీటుని నేలకి అదిమి పెట్టి ఉంచుతుంది, ఆ బరువు తీసేస్తే కింది ఊట పైకి తన్నుద్ది. పైగా పాత లైనర్ ఒకసారి ఎండ తగిలి ఆరిందంటే బిగుసుకుపోతుంది, మళ్ళీ నీళ్ళు పెట్టినా మూలల్లోకి సరిగ్గా కూర్చోదు. చిన్న చిల్లు కోసం మొత్తం లైనర్ పోగొట్టుకున్నాం. అందుకే మా గోదావరి డెల్టాలో ఎవరడిగినా నేను మొదట చెప్పేది ఇదే, లైనర్ పూల్‌ని తోడొద్దు, లీకు వెతకడం, అతకడం రెండూ నీళ్ళలోనే చెయ్యాలి.

అసలు లీకేనా కాదా అన్నది ముందు తేల్చుకోవాలి. మే నెల ఎండకి రోజుకి అర సెంటీమీటరు పైనే ఆవిరైపోతుంది, గాలి ఉంటే ఇంకాస్త ఎక్కువ. ఒక బకెట్లో ఇటుక వేసి, పూల్ నీళ్ళే పోసి, రెండో మెట్టు మీద పెట్టండి. బకెట్ లోపలి నీళ్ళు బయటి నీళ్ళు ఒకే మట్టంలో ఉండాలి. లోపల ఒక గీత, బయట ఒక గీత మార్కర్‌తో గీసి 24 గంటలు వదిలెయ్యండి, ఆ రోజు ఎవర్నీ దిగనివ్వొద్దు, నీళ్ళు కలపొద్దు, వాన పడితే లెక్క మళ్ళీ మొదటికే. రెండూ సమానంగా తగ్గితే అది ఆవిరే, హాయిగా పడుకోండి. బయట ఎక్కువ తగ్గిందా, లీకే. ఎనిమిది మీటర్ల పొడుగు, నాలుగు మీటర్ల వెడల్పు పూల్‌లో ఒక్క సెంటీమీటరు తగ్గితే 320 లీటర్లు పోయినట్టు. మూడు సెంటీమీటర్లు తగ్గితే మేడ మీద పెట్టుకునే వెయ్యి లీటర్ల ట్యాంకు దగ్గర దగ్గర ఖాళీ అయినట్టే.

ఇదే టెస్టు పంపు ఆన్‌లో ఒక రోజు, ఆఫ్‌లో ఒక రోజు చెయ్యండి, బద్ధకించొద్దు. ఆన్‌లో ఉన్నప్పుడు ఎక్కువ పోతుంటే ఫిల్టర్ నుంచి పూల్‌కి వచ్చే రిటర్న్ లైన్ని అనుమానించాలి. పంపు నడిచేటప్పుడు రిటర్న్ నోట్లోంచి బుడగలు బుడగలుగా గాలి వస్తుంటే పంపు లాక్కునే వైపు పైపు ఎక్కడో గాలి పీలుస్తున్నట్టు. రెండు రోజులూ ఒకేలా పోతుంటే అప్పుడు లైనర్ మీదకి, దానికి బిగించిన ఫిట్టింగుల మీదకి రండి. అన్నట్టు పంపు షెడ్లో బ్యాక్‌వాష్ పైపు, అదే ఫిల్టర్ కడిగిన మురికి నీళ్ళు బయటికి పోయే పైపు, దాని చివర ఒకసారి చూడండి. కొత్త లైనర్ వేశాక కూడా మాకు మళ్ళీ నీళ్ళు తగ్గాయి, మూడు రోజులు నీళ్ళలో మునిగి వెతికా. తీరా చూస్తే ఫిల్టర్ వాల్వ్ లోపల గ్యాస్కెట్ అరిగిపోయి ఆ పైపులోంచి సన్నగా ధార కాలవలోకి పోతోంది, మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

పంపు ఆపేసి నీళ్ళు ఎక్కడిదాకా దిగి ఆగుతాయో చూడడం ఇంకో పద్ధతి. స్కిమ్మర్ (నీళ్ళ మీద తేలే చెత్తని లాక్కునే గోడలోని పెట్టె) నోటి దగ్గర ఆగితే స్కిమ్మరే, లైటు మట్టంలో ఆగితే లైటే. కానీ దిగనిమ్మన్నాను కదా అని అలా వదిలెయ్యొద్దు, లోతు తక్కువ వైపు అడుగు మట్టానికి వచ్చేలోపే మళ్ళీ నింపడం మొదలెట్టాలి.

తర్వాత రంగు పని. మిఠాయిల్లో వేసే ఎర్ర రంగో నీలం రంగో చిక్కగా కలిపి, మందుల షాపులో దొరికే సిరంజిలోకి ఎక్కించండి, సూది అక్కర్లేదు. పంపు ఆపి ఓ అరగంట నీళ్ళు కదలకుండా నిలవనిచ్చి, ఈత కళ్ళద్దాలు పెట్టుకుని మెల్లగా దిగి, అనుమానమున్న చోటికి అంగుళం దూరంలో కొంచెం కొంచెంగా వదలండి. లీకు లేకపోతే రంగు పొగలా అక్కడక్కడే తిరుగుతుంది, ఉంటే సన్నటి దారంలా సాగి లోపలికి వెళ్ళిపోతుంది. మొదట స్కిమ్మర్ చుట్టూ, తర్వాత రిటర్న్, లైటు, మెట్ల అంచులు, అడుగునుండే మెయిన్ డ్రెయిన్, ఆ తర్వాతే షీటు అతుకులూ మూలలూ చూడండి. లైటు దగ్గర చెయ్యి పెట్టేముందు మెయిన్లో ఎంసీబీ దించెయ్యాలి, ఇది మర్చిపోతే ఇంకేం చెప్పక్కర్లేదు. అడుగున నడుస్తుంటే ఒకచోట పాదం మెత్తగా దిగితే కింద ఇసుక కొట్టుకుపోయిందన్నమాట, చిల్లు ఆ చుట్టుపక్కలే.

మన తోటల్లో చిల్లులు పడే కారణాలు కూడా మనవే. పందికొక్కు అడుగు నుంచి కొరుకుతుంది, కొబ్బరి మట్ట విరిగి మొదలు కిందకొచ్చేలా పడితే చీరేస్తుంది. అన్నిటికన్నా దొంగ తుంగ! లైనర్ కింద ఒక్క తుంగ గడ్డ మిగిలినా దాని మొలక సూదిలా షీటుని పొడుచుకుని వచ్చేస్తుంది. మాకు గోడ పక్కన ఆకుపచ్చ మొన ఒకటి కనబడితే నాచు అనుకుని గీకాను, గీకితే ఊడదే!

స్కిమ్మర్, రిటర్న్ దగ్గర లీకైతే చాలాసార్లు స్క్రూలు వదులవ్వడమో గ్యాస్కెట్ పాడవ్వడమో అంతే. స్క్రూడ్రైవర్‌తో చేత్తోనే బిగించండి, డ్రిల్లు మెషీన్ పెడితే ప్లాస్టిక్ చిట్లుతుంది.

షీటుకి చిల్లైతే వినైల్ ప్యాచ్, నీళ్ళలో పనిచేసే జిగురు కలిపి కిట్‌లా ఆన్‌లైన్లో దొరుకుతుంది. సైకిల్ ట్యూబుకి వేసే సొల్యూషన్ దీనికి పట్టదు, ప్లంబర్లు వాడే పీవీసీ సొల్యూషన్ ఈ పల్చటి షీటుని కరిగించి ముడతలు తెస్తుంది. చిల్లు చుట్టూ పాచి లేకుండా మెత్తటి గుడ్డతో రుద్దండి. ప్యాచ్ చిల్లు కన్నా అన్ని వైపులా అయిదు సెంటీమీటర్లు పెద్దగా, మూలలు గుండ్రంగా కత్తిరించాలి, కోణాలుంటే అక్కణ్ణుంచే లేస్తుంది. గట్టు మీద జిగురు పట్టించి, దోసెలా మధ్యకి మడిచి, అలాగే నీళ్ళలోకి తీసుకెళ్ళి చిల్లు మీద విప్పి, మధ్యలోంచి అంచులకి అరచేత్తో నొక్కుతూ లోపల చిక్కిన నీళ్ళూ గాలీ బయటికి తోసెయ్యండి. అడుగున అయితే పైన ప్లాస్టిక్ కవరు పరిచి ఇసుక మూట పెట్టి ఒక రోజు వదిలెయ్యండి. గోడకైతే ఓపిగ్గా అదిమి పట్టుకోవడమే, నాకు పావుగంట పట్టింది, చెయ్యి లాగేసింది. మర్నాడు మళ్ళీ బకెట్ టెస్టు.

ఒక సంగతి, జూన్‌లో కాలవలు వదిలి సార్వా (వానాకాలం వరి) నాట్లకి చేలు నిండాక లీకు దానంతటదే తగ్గినట్టు కనబడొచ్చు. అది తగ్గడం కాదు, బయటి ఊట లోపలి మట్టానికి దగ్గరగా వచ్చేసరికి నీళ్ళు పోవడానికి దారి లేదంతే, మళ్ళీ వేసవిలో బయటపడుతుంది. పై అంచు దగ్గర లైనర్ పెళుసుగా తయారై గోరు తగిలితే పగుళ్ళిస్తుంటే ఇక ప్యాచీలు అనవసరం, మార్చాల్సిందే. ఆ పని మాత్రం దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యి కాలవలు కట్టేశాక పెట్టుకోండి. పూల్ పక్కన దాని అడుక్కన్నా లోతుగా గొయ్యి తవ్వి, అందులో ఊట ఎంతలో ఉందో చూసి, పైకుంటే ఆ గోతిలో మోటారు పెట్టి నడుపుతూనే పూల్ ఖాళీ చెయ్యాలి. కొత్త షీటు పరిచి నీళ్ళు నిండేదాకా ఆ మోటారు ఆపొద్దు, కరెంటు పోతే పనికొస్తుందని పక్కన డీజిల్ ఇంజను కూడా సిద్ధంగా ఉంచుకోండి.