అల్కేవా చుట్టూ నడకకు ముందు జాగ్రత్తలు

పోర్చుగల్‌లోని అల్కేవా జలాశయం నిండితే దాదాపు 250 చదరపు కిలోమీటర్లు. కళ్లెదుట అంత నీరున్నా నేరుగా తాగడానికి పనికిరాదు.

- మనిషికి కనీసం 3 లీటర్ల నీళ్లు. జూలై, ఆగస్టుల్లో ఎండ ఒక్కోసారి 40 డిగ్రీలు దాటుతుంది. 11 గంటలకల్లా నడక ముగించాలి. ఓక్ చెట్లు దూరదూరంగా ఉంటాయి, నీడను నమ్ముకోవద్దు.
- నీరు తగ్గిన ఒడ్డున బురద పైకి నెర్రెలిచ్చి గట్టిగా కనిపిస్తుంది. అడుగున మెత్తనే, కాలు దిగబడుతుంది. కర్రతో పొడిచి చూశాకే అడుగేయండి.
- 2002కు ముందటి మ్యాపులు వద్దు. ఆ ఏడాది డ్యామ్ గేట్లు మూశాక పాత దారులు కొన్ని నీళ్లలో మునిగాయి.
- ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపండి: గడ్డిలో పిడుదులు.
- వేట కాలంలో గురు, ఆదివారాలు తుపాకులు పేలుతుంటాయి. ముదురాకుపచ్చ చొక్కా ఇంట్లోనే ఉంచండి.
- పశువుల గేటు తీస్తే మళ్లీ వేయండి.
- ఆపదలో 112.