కంపెనీ చేతులు మారుతోందా? రాజీనామా కాగితం మీద సంతకం పెట్టే ముందు ఇది చదవండి

2018 జూన్‌లో పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో క్యూసీ (మందుల నాణ్యత పరీక్షించే) కెమిస్టుగా చేరాను. రణస్థలంలో రూమ్, కంపెనీ బస్సు, చేతికి పదహారు వేలు. ఏడో నెల దాటాక మా యూనిట్‌ని వేరే కంపెనీ కొనేసింది. క్యాంటీన్‌లో ఉప్మా చల్లారిపోతున్నా ఎవరూ ముట్టుకోలేదు, అందరికీ అదే టెన్షన్. సీనియర్లకు పదేళ్ల సర్వీసు ఉంది. మాలాంటి కొత్తవాళ్లకు ఏముంది?

వారం తిరక్కుండా హెచ్‌ఆర్ వాళ్లు ఒక్కొక్కరినీ పిలిచి రెండు కాగితాలు ముందు పెట్టారు. ఒకటి రాజీనామా, రెండోది కొత్త కంపెనీ ఆఫర్ లెటర్. "ఫార్మాలిటీ అమ్మా, సంతకం పెట్టేస్తే అయిపోద్ది" అన్నారు. రేపు తెస్తానండీ అని కాగితాలు బ్యాగులో పెట్టుకుని వచ్చేశాను. మీరు నేర్చుకోవలసిన మొదటి పని ఇదే. హెచ్‌ఆర్ గదిలో కూర్చుని సంతకం పెట్టకండి. ఒక్క రాత్రి గడువు అడిగితే కాదనరు. కాదన్నారంటే ఆ కాగితంలో ఏదో ఉందని అర్థం.

ఆ రాత్రి నాన్నకు ఫోన్ చేశాను. ఆయన విజయనగరం వైపు జూట్ మిల్లులో చేసి రిటైరయ్యారు, లాకౌట్లు చూసిన మనిషి. "ఒలమ్మా, సంతకం ఎట్టీసినావేటి?" అన్నదే ఆయన మొదటి మాట. లేదన్నాక ఊపిరి పీల్చుకుని, "నువ్వు సొంతంగా మానేసినట్టు రాసిస్తే పాత రోజులన్నీ పోయినట్టే" అన్నారు.

ఆ పాత రోజుల లెక్క చెబుతాను, అసలు కిటుకు అక్కడే ఉంది. గడిచిన 12 నెలల్లో 240 రోజులు పనిచేసి ఉంటే చట్టం దాన్ని ఏడాది సర్వీసుగా చూస్తుంది. క్యాలెండర్‌లో ఏడాది నిండనక్కర్లేదు. జీతంతో ఇచ్చిన వారపు సెలవులు, పండగ సెలవులు కూడా లెక్కలోకి వస్తాయని 1985లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ లెక్కన ఎనిమిది నెలల ఉద్యోగం చాలు. నేను గోడ క్యాలెండర్ కిందికి దించి పెన్సిల్‌తో గీతలు పెట్టాను. 218 వచ్చాయి. ఇంకా 22 రోజులు. ఆ సమయంలో రాజీనామా చేస్తే సున్నా నుంచి మొదలు.

ఎలా కొన్నారో కూడా తెలుసుకోండి. షేర్లు మాత్రమే చేతులు మారితే కంపెనీ అదే, మీ యజమానీ అదే కంపెనీ. అలాంటప్పుడు రాజీనామా అడగడానికి కారణమే లేదు. యూనిట్‌నే కొంటే యజమాని మారతాడు. అప్పుడు సర్వీసు తెగకూడదు, జీతం, షరతులు తగ్గకూడదు, రేపు తీసేస్తే పాత సర్వీసు కూడా కలిపి పరిహారం ఇచ్చే బాధ్యత కొత్త యజమానిది కావాలి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా, ఏడాది సర్వీసు ఉన్న కార్మికుడికి నోటీసు, పరిహారం పాత యజమానే ఇవ్వాలి. అప్పట్లో ఇది 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో 25ఎఫ్ఎఫ్ సెక్షన్. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఇదే పద్ధతి ఉంది. మేనేజర్లకు ఇది వర్తించదు. కాంట్రాక్టర్ కింద చేసేవాళ్లు ముందు తమ పే స్లిప్ ఎవరి పేరు మీద వస్తోందో చూసుకోవాలి, వాళ్ల దారి వేరు.

మర్నాడు మేం తొమ్మిదిమందిమి కలిసి ఒకే ఉత్తరం రాశాం. "కొత్త కంపెనీలో చేరడానికి మాకు అభ్యంతరం లేదు. మా చేరిన తేదీ, సర్వీసు కొనసాగుతాయని ఆఫర్ లెటర్‌లో రాయండి, రాజీనామా అవసరం లేదు." అంతే. పోట్లాట మాటలు పెట్టలేదు. రెండు కాపీలు తీసి, ఒకదాని మీద ముట్టినట్టు ముద్ర వేయించుకున్నాం. నాలుగు రోజుల తర్వాత ఆ వాక్యం చేర్చిన ఆఫర్ లెటర్ వచ్చింది. ఒక్కరే వెళ్లి అడిగితే వచ్చేదని నేననుకోను.

ఈలోగా ఆఫర్ లెటర్, పే స్లిప్పులు, ప్రొబేషన్ కాగితం, పీఎఫ్ పాస్‌బుక్ ఇంటికి చేర్చేయండి. కంపెనీ మెయిల్‌లో ఉంచితే ఆ మెయిల్ ఎప్పుడు మూసేస్తారో తెలీదు. నాన్న పే స్లిప్పులన్నీ కొట్లో బిల్లుల్లా ఇనుప తీగకు గుచ్చేవారు. నేను ఫోన్‌లో ఫొటో తీసి ఆయనకు వాట్సాప్ చేసేదాన్ని.

చట్టం కొత్తవాళ్లను కాపాడుతుందని మాత్రం అనుకోకండి. ఒకే సంస్థలో ఒకే రకం పనివాళ్లలో ఎవరినైనా తీయాల్సి వస్తే మామూలుగా చివర చేరినవాళ్లే ముందు పోవాలన్నది అందులోనే ఉంది. అందుకే ల్యాబ్‌లో రెండో పరికరం మీద కూడా ట్రైనింగ్ తీసుకుని, రికార్డులో సంతకం చేయించుకున్నాను. దానివల్ల ఏం ఒరగలేదు లెండి.

2019 జూన్ ఆఖర్లో పదకొండుమందిని తీసేశారు. అందులో నేనూ ఉన్నాను. నాకు నోటీసు కింద నెల జీతం, పరిహారంగా పదిహేను రోజుల జీతం చేతికొచ్చాయి. జనవరిలో రాజీనామా మీద సంతకం పెట్టిన మా రూమ్మేట్‌కి లెక్క ప్రకారం ఐదు నెలల సర్వీసే. ఆమెకు ఆ నెల పనిచేసిన రోజుల జీతం తప్ప ఏమీ రాలేదు.

వచ్చేసే ముందు రిలీవింగ్ లెటర్ తీసుకున్నాను, పీఎఫ్‌లో ఎగ్జిట్ తేదీ పడిందో లేదో చూసుకున్నాను, హెచ్‌ఆర్‌లో మా ఇంటి అడ్రస్ సరిచేయించాను. అడ్రస్ ఎందుకంటే, మళ్లీ మనుషుల్ని తీసుకునేటప్పుడు తీసేసినవాళ్లను ముందు పిలవాలి (ఇప్పటి కోడ్‌లో తీసేసిన ఏడాదిలోపు తీసుకుంటేనే). నాకు ఆ ఉత్తరం నవంబర్‌లో చీపురుపల్లి ఇంటికి వచ్చింది. అప్పటికే నేను వేరే చోట చేరిపోయాను.