అమెరికాలో లాంగ్ టర్మ్ కేర్ ఇన్సూరెన్స్: ప్రీమియం కంటే ముందు చదవవలసిన షరతులు

మన ఊళ్ళలో నర్సింగ్ హోమ్ అంటే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. జబ్బు నయమైతే రోగి ఇంటికి వచ్చేస్తాడు. అమెరికాలో అదే మాటకు అర్థం వేరు. తమ పనులు తాము చేసుకోలేక, నెలలు, ఏళ్ళ తరబడి మరొకరి చేతి సాయం మీద ఆధారపడిన వృద్ధులు ఉండే చోటు అది. హెల్త్ ఇన్సూరెన్స్ చికిత్సకు డబ్బు ఇస్తుంది, లాంగ్ టర్మ్ కేర్ ఇన్సూరెన్స్ ఆ చేతి సాయానికి ఇస్తుంది.

65 ఏళ్ళు దాటినవారికి ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా, మెడికేర్, ఉంది కదా అని చాలా కుటుంబాలు ధీమాగా ఉంటాయి. సాధారణంగా మూడు రోజులు ఆసుపత్రిలో ఇన్‌పేషెంటుగా ఉండి, ఆ తరువాత నర్సు లేదా థెరపిస్టు సేవ అవసరమైతేనే నర్సింగ్ హోమ్ ఖర్చును మెడికేర్ భరిస్తుంది. అదీ గరిష్ఠంగా 100 రోజులే. 21వ రోజు నుంచి రోగి తన వాటా కట్టాలి. స్నానం చేయించడానికి, అన్నం తినిపించడానికి మాత్రమే మనిషి కావాలంటే అందులో ఏమీ రాదు. పేదల కోసం ప్రభుత్వం నడిపే మెడికెయిడ్ ఇస్తుంది గానీ, ఆస్తి దాదాపు కరిగిపోయిన తరువాతే. ముందుగానే ఆస్తిని పిల్లల పేర రాసేస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. దాదాపు అన్ని రాష్ట్రాలలోనూ గడచిన ఐదేళ్ళ బదిలీలను తిరగేసి చూస్తారు. గ్రీన్ కార్డు మీద వచ్చిన తల్లిదండ్రులకైతే ఈ రెండింటికీ ముందు సాధారణంగా ఐదేళ్ళ నిరీక్షణ ఉంటుంది.

పాలసీ చేతికి రాగానే అందరి చూపూ ప్రీమియం మీదికి పోతుంది. మొదట చదవవలసింది, డబ్బు ఎప్పుడు మొదలవుతుందో చెప్పే పేజీ. పన్ను రాయితీకి అర్హమైన పాలసీలలో ఆరు పనుల ప్రస్తావన ఉంటుంది: స్నానం, బట్టలు వేసుకోవడం, తినడం, మరుగుదొడ్డి వాడుకోవడం, మంచం మీది నుంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలను ఆపుకోగలగడం. వీటిలో కనీసం రెండు మరొకరి సాయం లేకుండా చేసుకోలేరనీ, ఆ స్థితి కనీసం 90 రోజులు ఉంటుందనీ వైద్య నిపుణులు ధ్రువీకరించాలి. లేదా మతిమరుపు జబ్బు ముదిరి, పక్కన ఒక మనిషి కనిపెట్టుకుని ఉండవలసిన పరిస్థితి రావాలి. పక్షవాతం వచ్చిందనో, తుంటి ఎముక విరిగిందనో జబ్బు పేరు చెబితే డబ్బు రాదు.

రెండవది ఎలిమినేషన్ పీరియడ్, అంటే సొంత డబ్బుతో నెట్టుకురావలసిన తొలి రోజులు. సాధారణంగా ఇది 90 రోజులు ఉంటుంది. రోజుకు 200 డాలర్ల ఖర్చు అనుకుంటే 18,000 డాలర్లు మనమే పెట్టుకోవాలి. ఆ 90 రోజులను క్యాలెండరు ప్రకారం లెక్కిస్తారా, సేవ అందిన రోజులనే లెక్కిస్తారా అన్నది తప్పక అడగాలి. వారానికి మూడు రోజులు మాత్రమే సహాయకురాలు వచ్చే ఇంట్లో రెండవ పద్ధతి ప్రకారం 90 రోజులు పూర్తి కావడానికి 30 వారాలు పడుతుంది.

మూడవది ధరల పెరుగుదల. 55 ఏళ్ళ వయసులో రోజుకు 200 డాలర్లు ఇచ్చే పాలసీ తీసుకుంటే, ఏటా 3 శాతం చక్రవడ్డీ లెక్కన పెరిగే షరతు ఉంటే 79వ ఏటికి అది సుమారు 400 అవుతుంది. ఆ షరతు లేకపోతే 200 గానే మిగులుతుంది.

తెలుగు కుటుంబాలు ప్రత్యేకంగా అడగవలసిన ప్రశ్నలు రెండు ఉన్నాయి. ముసలితనంలో హైదరాబాదుకో, విజయవాడకో తిరిగి వెళ్ళిపోతే అక్కడి సహాయకురాలి జీతానికి ఈ పాలసీ డబ్బిస్తుందా? చాలా పాలసీలు విదేశాలలో సేవకు అసలు ఇవ్వవు, లేదా బాగా పరిమితం చేస్తాయి. రెండవది, ఇంట్లో కోడలో కూతురో చేసే సేవకు చెల్లిస్తుందా? బిల్లులు చూసి ఇచ్చే పాలసీలలో ఇది తరచుగా కుదరదు. అర్హత తేలాక నేరుగా నగదు ఇచ్చే పాలసీలలో కుదురుతుంది, కాకపోతే వాటి ప్రీమియం ఎక్కువ.

ఉద్యోగమిచ్చే యజమానుల విషయానికి వస్తే, ఉద్యోగులందరికీ కలిపి ఇచ్చే గ్రూప్ పాలసీ అమ్మే బీమా కంపెనీలు ఇప్పుడు తక్కువ. పాలసీదారులు ఎక్కువ కాలం బతకడం, పాలసీలను మధ్యలో వదులుకోకపోవడం, వడ్డీ రేట్లు పడిపోవడం వల్ల కంపెనీల పాత లెక్కలు తప్పాయి. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) ఉద్యోగుల పథకంలోనే 2016లో ప్రీమియం సగటున 83 శాతం పెరిగింది. 2022 డిసెంబరు నుంచి కొత్త దరఖాస్తులను నిలిపివేశారు. కాబట్టి ప్రీమియం ఎప్పటికీ పెరగదన్న మాట యజమాని నోటి నుంచి రాకూడదు. పన్నుకు ముందు జీతంలోంచి కోసే కెఫెటేరియా ప్లాన్‌లో ఈ ప్రీమియం చేర్చే వీలు లేదు. వైద్య ఖర్చుల కోసం పన్ను రాయితీతో దాచుకునే హెచ్‌ఎస్‌ఏ ఖాతా నుంచి మాత్రం వయసును బట్టి పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ నిర్ణయించిన పరిమితి వరకు కట్టవచ్చు.

సియాటిల్, రెడ్‌మండ్ ప్రాంతాల తెలుగు ఉద్యోగుల పేస్లిప్పులో 2023 జులై నుంచి కనిపిస్తున్న 0.58 శాతం కోత వాషింగ్టన్ రాష్ట్ర ప్రభుత్వమే నడిపే లాంగ్ టర్మ్ కేర్ బీమా, డబ్ల్యుఏ కేర్స్ పథకానిది. లక్ష డాలర్ల జీతానికి ఏటా 580 డాలర్లు. జీతానికి గరిష్ఠ పరిమితి లేదు. చెల్లింపులకు నిర్ణయించిన ఆరంభం 2026 జులై, జీవితకాల మొత్తం 36,500 డాలర్లు. ప్రైవేటు పాలసీలో రెండు పనులు చాలు, ఇక్కడ మూడింటికి సాయం అవసరమై ఉండాలి. అయితే కుటుంబ సభ్యుల సేవకు ఇక్కడ చెల్లింపు వీలుంది. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాల వారికి చట్టంలో మినహాయింపు ఉంది గనుక, తమ స్థితి ఏమిటో హెచ్‌ఆర్‌ను అడిగి తెలుసుకోవాలి. మినహాయింపు పత్రం ఉద్యోగి ఇచ్చాక ప్రతిని దాచి, కోత ఆపవలసిన బాధ్యత యజమానిది. 36,500 డాలర్లు నర్సింగ్ హోమ్‌లో ఏడాదికి కూడా సరిపోవు కనుక దీనిని పునాదిగా మాత్రమే లెక్కించడం మంచిదని నా అభిప్రాయం.

సంతకం చేసే రోజు ఏజెంటు చివరలో పెట్టే ఒక కాగితాన్ని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. ప్రీమియం ఆగిపోతే ఎవరికి కబురు చేయాలో అందులో రాయాలి. మతిమరుపు వచ్చిన మనిషి మొదట మరచిపోయేవాటిలో ప్రీమియం గడువు కూడా ఉండవచ్చు. ఆ కారణంగా రద్దయిన పాలసీని ఐదు నెలల లోపు రుజువు చూపి, బాకీ కట్టి తిరిగి తెచ్చుకునే వీలు చాలా రాష్ట్రాలలో ఉంది గానీ, రద్దయిన సంగతి ఇంట్లో ఒకరికైనా తెలిస్తేనే అది సాధ్యం. ఆ గడిలో మరో ఊళ్ళో ఉన్న కొడుకుదో కూతురిదో పేరు, చిరునామా రాయించండి.