ఎకనామిక్స్ మనంతట మనమే – 5వ పాఠం: బాణం గీసి పెన్ను కింద పెట్టేయకండి

పోయినసారి ఇచ్చిన ప్రశ్నకి మీరు పంపిన జవాబులు చూశాను. కాగితాల్లేని వలస కూలీల్ని ఒక దేశం పంపించేసి, కొత్తోళ్ళని రాకుండా ఆపేస్తే అక్కడ ఏమవుద్ది అన్నది ప్రశ్న. చాలామంది గ్రాఫ్‌లో కూలీల సప్లై గీతని ఎడమకి జరిపి (అంటే కూలీలు తగ్గారని), కూలి పక్కన పైకి ఒక బాణం పెట్టి, "స్థానికుల వేతనం పెరుగును" అని రాసేసి లేచిపోయారు. కొంతమంది దానికి పూర్తి ఎదురు, ఆ పనులు స్థానికులు ఎలాగూ చెయ్యరు కాబట్టి ఏ మార్పూ ఉండదన్నారు. రెండు జట్లూ మొదటి మెట్టు మీదే ఆగిపోయాయి. ఈసారి ద్రవ్యోల్బణం చెప్తానన్నాను గానీ అది ఆగుద్ది, ఇది తేలకుండా ముందుకెళ్ళి లాభం లేదు.

సప్లై, డిమాండ్ మళ్ళీ చెప్పను. సరిహద్దు దాటి వచ్చినోళ్ళు, వీసా అయిపోయాక ఉండిపోయినోళ్ళు అన్న తేడా కూడా ఇవాళ్టికి వదిలేయండి.

మీ బాణం నిజంగా పైకి వెళ్ళిందా లేదా చూడ్డానికి అమెరికాలో మంచి కేసుంది. 1942 నుంచి 1964 దాకా బ్రసేరో అని ఒక ఒప్పందం నడిచింది, మెక్సికో నుంచి కూలీలు కాంట్రాక్టు మీద వచ్చి పొలాల్లో పని చేసి తిరిగెళ్ళేవారు. వీళ్ళు చట్టప్రకారం వచ్చినోళ్ళే, అది మర్చిపోవద్దు, కానీ ఆపడానికి చెప్పిన కారణం మాత్రం ఇప్పుడు టీవీలో వినేదే, వీళ్ళు పోతే మనోళ్ళ కూలి పెరుగుద్దని. ఆపేశారు. చాలా ఏళ్ళ తర్వాత క్లెమెన్స్, లూయిస్, పోస్టెల్ అనే ముగ్గురు పాత లెక్కలు తవ్వి, బ్రసేరోలు ఎక్కువున్న రాష్ట్రాల్నీ, అస్సలు లేని రాష్ట్రాల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే కూలి రెండు చోట్లా ఇంచుమించు ఒకేలా నడిచింది. ఎందుకంటే రైతు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. డేవిస్‌లో ఉన్న కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్ళు టమాటా కోసే మిషనూ, ఆ మిషను దెబ్బకి చితికిపోని గట్టి టమాటా రకమూ అప్పటికే తయారు చేసి ఉంచారు, కూలీలు దొరికినన్నాళ్ళూ వాటి వైపు పెద్దగా చూసినోళ్ళు లేరు, ఒప్పందం ఆగిన కొద్ది ఏళ్ళకే అక్కడ సాస్‌కి వెళ్ళే టమాటా దాదాపు మొత్తం మిషన్‌తోనే కోశారు. మిషను లేని పంటల్లో ఉత్పత్తే తగ్గిపోయింది. అంటే మీ బాణం కూలి మీద కాకుండా మిషను మీద, పంట మీద పడింది.

ఇప్పుడు నాకు ఒళ్ళు మండే సంగతికి వస్తాను. "పది లక్షల మందిని పంపిస్తే పది లక్షల ఉద్యోగాలు ఖాళీ" అని ఒకరు రాశారు, ఒకరు కాదు చాలామందే రాశారు. ఉద్యోగాలు సింహాచలం బస్సులో సీట్లు కాదండీ, ఒకళ్ళు దిగితే ఇంకొకళ్ళు కూర్చోడానికి. మధురవాడలో ఒక అపార్ట్‌మెంట్ లేస్తుందనుకోండి. రాడ్ బెండింగ్ చేసేది ఒడిశా నుంచో బెంగాల్ నుంచో వచ్చిన బ్యాచ్. తాపీ మేస్త్రీ మనోడు, టైల్స్ మనోడు, ఎలక్ట్రీషియన్ గాజువాక కుర్రాడు, సైట్ ముందు టీ బండి ఒక అక్కది. బ్యాచ్ వెళ్ళిపోతే మేస్త్రీ కూలి పెరుగుద్దా? స్లాబే పడదు, మేస్త్రీకి పనే ఉండదు. టైల్స్ అతన్ని ఫోన్ చేసి పిలిచేవాడే ఉండడు, అక్క పాల ప్యాకెట్లు సగం తగ్గించేస్తుంది. 2020 మే నెలలో నేషనల్ హైవే మీద ఒడిశా వైపు, బెంగాల్ వైపు నడిచెళ్ళినోళ్ళని మనమంతా చూశాం. తర్వాత సైట్లు తెరిచాక బిల్డర్లు వాళ్ళ కోసం ఎంత తిరిగారో మీ వీధిలో కట్టించినోళ్ళని అడగండి. వాళ్ళు అక్రమ వలసదారులు కాదు, దేశంలో ఎక్కడికైనా వెళ్ళి బతికే హక్కు రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చింది, పరీక్షలో రెండూ కలిపి రాస్తే సున్నా వేస్తాను. ఒకరి పని ఇంకొకరి పనికి ఎలా ముడిపడి ఉంటుందో చూపించడానికే ఈ ఉదాహరణ.

అలాగని రెండో జట్టు గెలిచేసినట్టు కాదు. ఒకే పనికి వలసొచ్చినోడూ స్థానికుడూ పోటీ పడే చోట స్థానికుడి కూలికి దెబ్బ తగలొచ్చు. 1980లో క్యూబా నుంచి సుమారు 1,25,000 మంది పడవల్లో అమెరికా వచ్చారు, మయామీలో పనిచేసేవాళ్ళ సంఖ్య ఒక్కసారిగా 7 శాతం పెరిగింది. డేవిడ్ కార్డ్ అనే ఆర్థికవేత్త 1990లో లెక్కేసి స్థానికుల కూలి మీద చెప్పుకోదగ్గ దెబ్బ లేదన్నాడు. తర్వాత జార్జ్ బోర్హాస్ అనే ఇంకో ఆర్థికవేత్త అదే సంఘటనని మళ్ళీ లెక్కేసి, హైస్కూల్ పూర్తి చెయ్యని మగవాళ్ళని మాత్రమే విడదీసి, లేదు గట్టిగానే తగిలిందన్నాడు, ఆ శాంపిల్ మరీ చిన్నదని ఇంకొందరు ఆయన మీద పడ్డారు. ఆ గొడవ ఇంకా నడుస్తూనే ఉంది. ఎవరి కూలి అని విడదీసి అడిగే అలవాటు మాత్రం బోర్హాస్ దగ్గర నేర్చుకోండి, ఆయన ముగింపు మీకు నచ్చకపోయినా సరే.

సామాజిక ప్రభావం అని అడిగితే అందరూ "వివక్ష పెరుగును" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. నిజానికి గట్టిగా ఆపినప్పుడు మనుషులు మాయమైపోరు, దాక్కుంటారు. గల్ఫ్‌లో కఫీల్ (వీసాకి పూచీ పడ్డ యజమాని) దగ్గర్నుంచి బయటికొచ్చేసి ఆకామా (అక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డు) లేకుండా పనిచేసే మనోళ్ళ సంగతి శ్రీకాకుళం వైపు ఎవర్నడిగినా చెప్తారు. జీతం ఎగ్గొట్టినా కేసు పెట్టడానికి వెళ్ళలేరు, వెళ్తే ముందు పట్టుకునేది వాళ్ళనే. అలాంటోడు పక్కనే ఉంటే కాగితాలున్నోడు కూడా గట్టిగా బేరం ఆడలేడు. అమెరికా 1986లో తెలిసి పనిలో పెట్టుకున్న యజమానికి జరిమానా పెట్టింది, కానీ కాగితం చూడ్డానికి అసలుదిలా కనిపిస్తే యజమానికి అది చాలు, దాంతో దొంగ కాగితాలూ, మధ్యలో లేబర్ కాంట్రాక్టర్లూ పెరిగారు. 1990ల్లో సరిహద్దు బిగించాక, సీజన్ అవ్వగానే ఇంటికెళ్ళిపోయే మెక్సికో కూలీల్లో చాలామంది మళ్ళీ దాటడం కష్టమని అక్కడే ఉండిపోయి భార్యాపిల్లల్ని కూడా తెచ్చుకున్నారు. బిగించింది తగ్గించడానికి, జరిగింది స్థిరపడటం. 2011లో అలబామా రాష్ట్రం బడిలో చేరే పిల్లల వలస వివరాలు అడగమని చట్టం చేస్తే, అమల్లోకి రాగానే ఎంతోమంది పిల్లలు బడికి రావడం మానేశారు, ఆ భాగాన్ని కోర్టు ఆపాల్సొచ్చింది.

నేనైతే ఇలాంటి ప్రశ్నకి గ్రాఫ్ గియ్యను. పేజీ పొడుగునా మూడు గీతలు కొట్టి వారం, ఏడాది, పదేళ్ళు అని పైన రాస్తాను, పక్కన కూలీ, యజమాని, పక్కపనోడు, కొనేవాడు. పన్నెండు గళ్ళు నిండేదాకా జవాబు మొదలుపెట్టను. కొనేవాడి గడి మీలో ఒక్కరూ నింపలేదు.

అభ్యాసం. మీకు దగ్గర్లో ఏదో ఒక సైటుకో, రొయ్యల ప్లాంటు గేటుకో, ఫిషింగ్ హార్బర్‌కో వెళ్ళండి, పొద్దున్న ఏడు లోపు, తర్వాత ఎవరూ మాట్లాడరు. ఒక బ్యాచ్ నెల రోజులు రాకపోతే ఎవరి పని ఆగుద్ది, ఎవరికి బేరం పెరుగుద్ది అని కనీసం ముగ్గుర్ని వేర్వేరుగా అడిగి గళ్ళు నింపండి. నోటుబుక్కు తీస్తే లేబర్ ఆఫీసు నుంచి వచ్చారనుకుంటారు, బయటికొచ్చాక రాసుకోండి. ఆ తర్వాత బ్రసేరో మీద ఒక పేజీ, "పెరుగుతుంది", "తగ్గుతుంది" అని రాసిన ప్రతిచోటా ఎవరికి, ఎన్నాళ్ళకి అన్నది అదే వాక్యంలో ఉండాలి. లేకపోతే చదవకుండా వెనక్కి పంపిస్తాను.