కొత్త మొక్కలు తర్వాత, ముందు వీధిలో ఉన్న చెట్టు సంగతి చూడండి

బెజవాడలో మే నెల మధ్యాహ్నం బండి పెట్టుకోవడానికి అందరికీ చెట్టు నీడే కావాలి, దాని మొదలు చుట్టూ సిమెంట్ పోయించేదీ మనమే. మా సందులో కానుగకి కాండం దాకా టైల్స్ వేశారు, చెట్టు లావెక్కేసరికి ఒక టైలు అంచు బెరడులోకి దిగిపోయింది.

ఉలి, సుత్తి చాలు. గునపం వద్దు, వేర్లు తెగుతాయి. కాండం చుట్టూ రెండు మూడడుగుల మేర సిమెంట్ తీసేయండి, బెరడులోకి దిగిన ముక్క ఉంటే మాత్రం లాగకండి. కింద మట్టి రాయిలా ఉంటుంది, పైపైన గుల్ల చేసి, మనం రోజూ ఊడ్చి తగలబెట్టే ఎండుటాకులనే మూడంగుళాల మందాన పరచండి, కాండానికి ఆనకుండా. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచినప్పటిలా వరద ఒండ్రు చెట్టు మొదట్లో పేరుకుంటే పాత మట్టి మట్టం దాకా తీసేయాలి, లేకపోతే వేర్లకు గాలాడదు.

కొత్తగా నాటిన మొక్కకి రోజూ ఒక చెంబు పోస్తే వేర్లు పైపైనే ఉండిపోతాయి. వారానికి రెండుసార్లు రెండేసి బిందెలు, నెమ్మదిగా, లోపలికి ఇంకేలా పోయండి. ఏసీ నీళ్లు ఫర్వాలేదు, ఆర్‌ఓ వదిలేసే నీళ్లు వద్దు, ఉప్పు పేరుకుంటుంది.

తుఫాన్లు ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లోనే కాబట్టి ఎండుకొమ్మలు అంతకుముందే తీయించండి. కరెంటు తీగల కోసమని ఒకవైపే నరికితే బరువంతా రెండోవైపు పడుతుంది, గాలికి ఒరిగేవి అవే. పెద్ద కొమ్మకి ముందు అడుగు దూరంలో కిందనుంచి రంపంతో కొంచెం గాటు పెట్టి, దానికి అవతల పైనుంచి కోయండి, అప్పుడు బెరడు చీరుకుపోదు. మిగిలిన మోడుని కాండం దగ్గర ఉబ్బెత్తుగా ఉండే మడత వదిలి దాని బయట కోయాలి. తారు, పెయింట్ ఏమీ పూయక్కర్లేదు. తీగలకి దగ్గరైతే మీరు ఎక్కకండి, లైన్‌మన్‌ని పిలవండి.

వేప మాడిపోయిందని తొందరపడొద్దు. 2021లో రెండు రాష్ట్రాల్లోనూ తెగులొచ్చి వేపలు ఎండిపోయినట్టు కనిపించాయి, చాలావరకు మళ్లీ చిగురించాయి. గోటితో బెరడు గీకండి, లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. అయినా కొట్టాల్సిందే అంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకోవాలి.

మా కానుగలో ఆ టైలు ముక్క ఇంకా ఉంది, బెరడు దాన్ని మెల్లగా మింగేస్తోంది.