గోడకు రెండు పూతలు వేసినా పాత రంగు కనబడుతోందా?

సంక్రాంతి ముందు కావలి, ఒంగోలు వైపు ఇళ్లకు రంగులు వేసేటప్పుడు తరచూ వినబడే ఫిర్యాదు ఇది. ఇంకో బకెట్ కొనేముందు ఇవి చూడండి.

సమస్య: లేత రంగు కింద పాత ముదురు రంగు తెలుస్తోంది.
కారణం: చాలాసార్లు నీళ్లే. రోలర్ తేలిగ్గా జారుతుందని డబ్బా మీద రాసిన కొలత కంటే ఎక్కువ పోసేస్తారు. రెండోది, సరిగా కలపకపోవడం. గోడను కప్పేది టైటానియం డయాక్సైడ్ అనే తెల్లపొడి. బరువైనది కాబట్టి అడుగున చేరుతుంది. కర్ర అడుగుదాకా దించి పైకి తీస్తే కొసన చిక్కటి ముద్ద అంటుకొస్తుంది. కప్పే సత్తువంతా అందులోనే ఉంది.
పరిష్కారం: ఆ ముద్ద పూర్తిగా కరిగేదాకా కలపండి. నీళ్లు కొలిచి పోయండి.

సమస్య: ఆరినప్పుడు తెల్లగానే ఉన్న సున్నం గోడ, జల్లు తగిలితే మరకలు బయటపెడుతోంది.
కారణం: టైటానియం డయాక్సైడ్ వక్రీభవన గుణకం (వెలుగును ఎంత వంచుతుందో చెప్పే అంకె) సుమారు 2.7, పెయింట్‌లోని జిగురుది 1.5. ఆ తేడా ఎంత పెద్దదైతే వెలుగు అంత చెదిరి, కింది గోడ కనబడదు. ఆరిన సున్నం, సుద్ద రేణువులది సుమారు 1.6 మాత్రమే. వాటి సందుల్లో గాలి (1) ఉన్నంతసేపే తెలుపు. సందుల్లోకి నీళ్లు (1.33) చేరితే తేడా తగ్గి పూత పారదర్శకమవుతుంది.
పరిష్కారం: సున్నం తడిగా ఉండగా చూసి మరో పూత వేయకండి, ఆరనివ్వండి. జల్లు కొట్టే గోడకు బయటి గోడల ఎమల్షనే మేలు.

సమస్య: పసుపు, ఎరుపు ఎన్నిసార్లు వేసినా పల్చగానే ఉన్నాయి.
కారణం: లెడ్ (సీసం) క్రోమేట్ పసుపు బాగా కప్పేది. కానీ సీసం పిల్లలకు విషం. 2017 నవంబరు నుంచి ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదు. ఇది మంచి నిబంధన. లెడ్ క్రోమేట్ బదులు వాడే చాలా రంగులు అంతగా కప్పవు.
పరిష్కారం: పసుపు కింద తెలుపు, ఎరుపు కింద బూడిదరంగు కోటు వేయండి.

మచ్చలు మచ్చలుగా వస్తే గోడ పెయింట్‌ను పీలుస్తోందన్నమాట, రంగుకు ముందు ప్రైమర్ పూత వేయండి.

పెయింట్ మీదే అనుమానమైతే మార్కాపురం రాతి పలక తెచ్చి, సగానికి తెల్లకాగితం అంటించి, రెండిటి మీదుగా ఒకే కోటు లాగండి. పూర్తిగా ఆరాక చూడండి. నలుపు వైపు మసకగా ఉంటే ఆ డబ్బాకు కప్పే శక్తి తక్కువ. పక్కపక్కనే మరో డబ్బాది కూడా వేసి చూసి, అప్పుడు కొనండి.