ఒడిశా సరిహద్దు ఊళ్ళలో ఫ్రీలాన్స్ ఫొటోగ్రఫీ: పని ఒప్పుకోవడం నుంచి ఆల్బం చేతికిచ్చేదాకా

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం. ఈ వరసలో ఏ ఊళ్ళో కెమెరా పట్టుకున్నా ఒక్క పెళ్ళిళ్ళ మీదే ఏడాది గడవదు. పెళ్ళితో పాటు సమర్త ఫంక్షను, పట్టుచీరల కేటలాగు, స్కూలు గ్రూపు ఫొటో, ఫ్యాక్టరీ పని, పేపరుకి వార్తా ఫొటో, చివరికి పాస్‌పోర్టు సైజు కూడా చెయ్యాల్సిందే. ఫొటో తియ్యడం వచ్చినవాళ్ళు కూడా నష్టపోయేది ఎక్కువగా రెండు చోట్ల: తేదీ ఒప్పుకునేటప్పుడు, ఫైళ్ళు అప్పగించేటప్పుడు. కాబట్టి ఆ రెండు చివరలకే ఇక్కడ ఎక్కువ చోటు.

తేదీ దగ్గర తప్పు జరగకుండా

శుభలేఖలో "శుక్రవారం రాత్రి తెల్లవారితే శనివారం 2 గంటల 41 నిమిషాలకు" అని ఉంటుంది. పంచాంగం లెక్కలో సూర్యోదయం దాకా శుక్రవారమే. ఫోను క్యాలెండరులో మాత్రం అది శనివారం. ఇంట్లోవాళ్ళు ఫోన్లో "శనివారం పెళ్ళండీ" అనేస్తారు, మీరు శనివారం సాయంత్రానికి సిద్ధమవుతారు, అప్పటికి అప్పగింతలు కూడా అయిపోతాయి. అందుకని ముహూర్తం ఎప్పుడని అడిగి ఊరుకోవద్దు. "ఏ రోజు సాయంత్రం మేం మీ ఇంటికి రావాలండీ?" అని అడగండి. డైరీలో ఆ సాయంత్రం తేదీనే రాసుకోండి. శుభలేఖ ఫొటో తెప్పించుకుని, అదే తేదీ వాట్సాప్‌లో తిరిగి రాసి, వాళ్ళు సరే అన్నాకే అడ్వాన్సు తీసుకోండి.

రెండు భాషల మధ్య ఉండడం వల్ల ఒక లాభం ఉంది. తెలుగువాళ్ళకి ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఖాళీ. ఒడియావాళ్ళు సాధారణంగా ఆషాఢంలో హరిశయన ఏకాదశి (తొలి ఏకాదశి) నుంచి కార్తీకంలో దేవోత్థాన ఏకాదశి దాకా పెళ్ళిళ్ళు పెట్టుకోరు. అంటే ఆషాఢం మొదటి పది రోజుల్లో ఒడియా ఇళ్ళల్లో పని దొరకొచ్చు, శ్రావణంలో తెలుగు ఇళ్ళల్లో దొరుకుతుంది. గురు మూఢమో శుక్ర మూఢమో వస్తే రెండు పక్కలా సున్నా. ఉగాదికి కొత్త పంచాంగం రాగానే ఈ ఖాళీలు గుర్తుపెట్టుకుని, చీరల కేటలాగులు, స్కూలు పనులు అక్కడికి తొయ్యండి.

అక్టోబరు బుకింగులకి తుపాను షరతు తప్పనిసరి. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పురం దగ్గర తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చి శ్రీకాకుళాన్ని, గజపతి జిల్లాని కలిపి చావగొట్టింది. తేదీ మారితే అడ్వాన్సు కొత్త తేదీకి జమ అవుతుందని, ఆ తేదీకి మీరు ఖాళీ లేకపోతే ఎంత తిరిగిస్తారో కాగితం మీద ఉండాలి.

ఒక పేజీ ఒప్పందం

వాళ్ళు చదవగలిగే భాషలో ఉండాలి, తెలుగైనా ఒడియా అయినా. ఎంతమంది వస్తారు (ట్రెడిషనల్, పోజు లేకుండా తీసే కాండిడ్, వీడియో విడివిడిగా రాయాలి), ఏ కార్యక్రమం నుంచి ఏ కార్యక్రమం దాకా ఉంటారు, ఆల్బం సైజు, షీట్ల సంఖ్య, ఫొటోలు ఎన్ని రోజుల్లో ఎంచి ఇవ్వాలి, దిద్దుబాట్లు ఎన్ని సార్లు. ఈ చివరిది లేకపోతే మేనత్త గారి ఫొటో కోసం డిజైను ఆరుసార్లు మారుతుంది. డబ్బు మూడు వాయిదాలుగా అడగడం మంచిది: బుకింగుకి 30 శాతం, పెళ్ళిరోజు కార్యక్రమం మొదలయ్యేలోపు 50, ఆల్బం చేతికిచ్చేటప్పుడు 20. ఆల్బం దగ్గర సగం సొమ్ము ఉంచుకుంటే ఆ ఆల్బం మీ బీరువాలోనే ఉండిపోతుంది.

కాపీరైటు గురించి చాలామంది తప్పుగా అనుకుంటారు. 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం, ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. మీ ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోవడానికి, ఎగ్జిబిషన్ బోర్డు వేసుకోవడానికి అనుమతి ఆ పేజీలోనే ఒక వాక్యంగా రాయించుకోండి. పెళ్ళికూతురి ఫొటో అయితే ఆమెనే అడగండి, వాళ్ళ నాన్నగారు సరే అన్నంత మాత్రాన చాలదు.

ఇచ్ఛాపురం, పాతపట్నం, పలాస వెళ్ళి పని చేస్తే అది వేరే రాష్ట్రానికి సేవ. దాని మీద జీఎస్టీ భయం అక్కర్లేదు. 2017 అక్టోబరు నుంచి సేవలకి, వేరే రాష్ట్రంలో చేసినా సరే, ఏడాది మొత్తం టర్నోవరు 20 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. దాటితే ఫొటోగ్రఫీ మీద 18 శాతం.

మండపంలో

బయల్దేరేముందు అన్ని కెమెరాల గడియారాలూ ఒకటి చెయ్యాలి. మెనూలో సరిచేశాక, ఒకే ఫోన్లో సెకన్లు కనబడే గడియారం తెరిచి ప్రతి కెమెరాతో ఒక ఫొటో తియ్యండి. మూడు నిమిషాల తేడా ఉన్న రెండు కెమెరాల ఫొటోలు కలిపి సమయం వరసలో పేరిస్తే తాళి కట్టాక తెర దించినట్టు వస్తుంది. తేడా ఎంతో ఆ గడియారం ఫొటోలు చెబుతాయి, ఫొటోలు సరిచేసే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో ఒకేసారి జరిపెయ్యొచ్చు.

మన కరెంటు 50 హెర్ట్‌జ్. కాబట్టి చవక ఎల్ఈడీలు, ట్యూబులు సెకనుకి వందసార్లు మినుకుతాయి. ఎలక్ట్రానిక్ షట్టరు పెట్టి 1/250 సెకనులో తీస్తే ఫొటో మీద అడ్డంగా నల్ల చారలు వస్తాయి. ఫ్లాష్ లేకుండా తీసేటప్పుడు మెకానికల్ షట్టరు, 1/100 లేదా 1/50. వీడియో 25 ఫ్రేములు, షట్టరు 1/50. స్టేజీ వెనక ఎల్ఈడీ వాల్ ఉంటే ఈ లెక్క పనిచెయ్యకపోవచ్చు. దాన్ని కాస్త ఔట్ ఆఫ్ ఫోకస్‌లో పడేలా పెట్టి, రెండు మూడు షట్టర్లు ప్రయత్నించి చూసుకోండి.

జీలకర్ర బెల్లం ఫొటోయే ఆల్బం మొదటి షీటుకి వెళ్ళేది, ఎక్కువగా చెడేదీ అదే. ఒకరి తల మీద ఒకరు చెయ్యి పెట్టగానే, పక్కనుంచి చూస్తే ఇద్దరిలో ఒకరి చెయ్యి మీ వైపే ఉంటుంది, ముఖానికి అడ్డొస్తుంది. నిలబడి తీస్తే ఆ చెయ్యి తప్పదు. మోకాలి మీద కూర్చుని కెమెరాని వాళ్ళ గుండె ఎత్తుకి దించితే చేతుల కింది నుంచి రెండు ముఖాలూ దొరుకుతాయి. తెర దించే క్షణానికి ఫోన్లు పట్టుకుని పదిమంది ముందుకి వస్తారు కాబట్టి ఐదు నిమిషాల ముందే ఆ చోట కూర్చోవాలి. "పంతులు గారూ, తెర దించే ముందు ఒక్క మాట చెప్పండి" అని మొదట్లోనే అడిగి పెట్టుకుంటే ఆయనే పిలుస్తారు. రెండో కెమెరా వధువు వెనక ఉంటే మంగళసూత్రం ముళ్ళు దానికి దొరుకుతాయి. సెట్టింగులు f/4, 1/160, ఐఎస్ఓ 1600 చుట్టుపక్కల మొదలుపెట్టి, ఫ్లాష్‌ని తెల్లటి సీలింగుకి తిప్పండి. రంగుల షామియానా అయితే సీలింగుకి తిప్పొద్దు, దాని రంగే ముఖాల మీద పడుతుంది.

ఒడియా పెళ్ళిలో అంత ముఖ్యమైనది హాతగంఠి. వధూవరుల చేతులు కలిపి కుశతో కట్టడం. అది బేదీ (పెళ్ళి వేదిక) మీద, నేలకి దగ్గర్లో, చుట్టూ తలల మధ్య జరుగుతుంది. ఇక్కడ కింద కూర్చుంటే వీపులే వస్తాయి. చిన్న స్టూలు ఎక్కి 24 ఎంఎం లెన్సుతో పైనుంచి తియ్యండి. వరుడి మకుటం వేళ్ళాడి ముఖం మీద నీడ వేస్తుంది, దానికి మాత్రం ఎదురుగా కింది నుంచి కొద్దిగా లైటు కావాలి.

హోమం పొగలో కెమెరా మీది ఫ్లాష్ వెలిగితే ఫ్రేమంతా తెల్లటి పరదా. పొగ మీ నుంచి అవతలికి పోయే వైపు నిలబడి, ఫ్లాష్ ఆపేసి ఐఎస్ఓ పెంచండి.

కార్డులు, ఆల్బం

24 మెగాపిక్సెల్ కెమెరా ఇచ్చే రా (RAW, అసలు) ఫైలు దాదాపు 25-30 ఎంబీ. మూడు వేల ఫొటోలంటే 75-90 జీబీ. రెండు స్లాట్ల కెమెరాలో రెండింట్లోనూ ఒకే ఫొటో పడేలా పెట్టుకుని 128 జీబీ కార్డులు వాడండి. కెమెరాలో ఫొటోలు చెరపొద్దు. రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లోకి కాపీ అయ్యి, రెండింట్లోనూ తెరిచి చూశాకే ఫార్మాటు. రాత్రి రైల్లో ఇంటికొస్తుంటే కార్డులు బ్యాగులో కాకుండా జేబులో ఉండాలి.

12×36 అంగుళాల కరిజ్మా (డిజిటల్ ఆల్బం) షీటు 300 డీపీఐలో (అంగుళానికి 300 పిక్సెళ్ళ లెక్కన) 10,800 × 3,600 పిక్సెళ్ళు. మీ ఫొటో 6,000 × 4,000. అది షీటంతా పరిస్తే 167 డీపీఐకి దిగుతుంది, అది ఫరవాలేదు. అసలు చిక్కు కొలతల్లో ఉంది: షీటు 3:1, ఫొటో 3:2. ఎత్తులో సగం, అంటే 2,000 పిక్సెళ్ళు, కోసెయ్యాలి. పూర్తి షీటుకి అనుకున్న ఫొటోలో తలపైన, కాళ్ళకింద ఖాళీ వదిలి తీస్తేనే కోత తట్టుకుంటుంది. మడత 5,400వ పిక్సెల్ దగ్గర పడుతుంది, దానికి అటూ ఇటూ అంగుళం లోపల ముఖం పెట్టొద్దు. అంచుల్లో కటింగుకి పావు అంగుళం, 75 పిక్సెళ్ళు, వదలండి. ల్యాబుకి ఎస్ఆర్‌జీబీ (sRGB) రంగుల పద్ధతిలోనే పంపండి.

పేర్లు శుభలేఖ చూసి టైపు చెయ్యండి, చెవితో విని కాదు. ఫొటోషాప్‌లో "కృష్ణ" కాస్తా "కృష్‌ణ" అయిపోతే ఫాంటు తప్పు అనుకుంటారు. పాత వెర్షన్లయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ పేజీకి వెళ్ళి వరల్డ్-రెడీ లేఔట్ ఎంచుకుంటే ఒత్తులు కుదురుకుంటాయి. ఒడియా అక్షరాలకీ అదే మందు. పాత డిజైనర్లు వాడే అను, ఆకృతి ఫాంట్లు యూనికోడ్ (ఫోన్లు వాడే అక్షర పద్ధతి) కావు. వాట్సాప్‌లో వచ్చిన పేరు వాటిల్లో పేస్టు చేస్తే చెత్త వస్తుంది.

పట్టుచీరలు

బరంపురం పట్టా అనే పట్టుచీరల మెరూన్, వంగపండు రంగులు కెమెరాకి పెద్ద పరీక్ష. ఎర్ర ఛానెల్ నిండిపోయి, నేత వివరమంతా పోయి, చదునైన ఎర్ర ముద్ద మిగులుతుంది. మామూలు హిస్టోగ్రామ్ (వెలుగు ఎంత పడిందో చూపే గ్రాఫు) బాగానే కనిపిస్తుంది, ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ పెట్టుకుని ఎరుపు కుడి అంచుకి తగలకుండా ఎక్స్‌పోజరు ఒక స్టాపులో మూడింట రెండు వంతులు తగ్గించండి. ట్యూబులైటు ఆపి, ఒకే రకం వెలుతురులో, మొదటి ఫ్రేము గ్రే కార్డుతో. ట్రైపాడు, f/8, ఐఎస్ఓ 100. జరీ మీద లైటు ఎదురుగా పడితే తెల్లగా చచ్చిపోతుంది, పక్కనుంచి ఏటవాలుగా పడితే పోగు పోగూ లేస్తుంది. చీరకి ఆరు ఫొటోలు చాలు: మొత్తం, పల్లూ, ఫొడా (గుడి ఆకారపు) అంచు దగ్గరగా, బుటా, వెనకవైపు, ట్యాగు. రంగు తేడా వచ్చిందని చీర తిరిగొస్తే ఆ షాపు మళ్ళీ పిలవదు.

తక్కిన పనులు

పాస్‌పోర్టు సైజు 35 × 45 మిల్లీమీటర్లు, 4×6 కాగితం మీద 8 పడతాయి. ఉద్యోగ దరఖాస్తుకైతే ఫొటోతో పాటు సంతకం స్కాను కూడా, నోటిఫికేషన్‌లో చెప్పిన కేబీల లోపు, చేసి ఇవ్వండి. పిల్లలు దానికోసమే వస్తారు.

డ్రోను విషయంలో బేరం ఒప్పుకునేముందే ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైటు డిజిటల్ స్కైలో మ్యాపు చూడాలి. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోనుతో డబ్బుకి పని చెయ్యాలంటే పైలట్ సర్టిఫికెట్ కావాలి. ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లోనూ 400 అడుగులే హద్దు. గోపాల్‌పురంలో సైన్యం ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది, బీచ్‌లో ప్రీ వెడ్డింగ్‌కి డ్రోను ఇస్తామని నోరు జారొద్దు.

ఋషికుల్య నది మొగ దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టేది ఎక్కువగా ఫిబ్రవరి, మార్చిల్లో. కొన్నేళ్ళు సామూహికంగా రానేరావు కాబట్టి పత్రికకి మాట ఇచ్చేయొద్దు. అటవీశాఖ అనుమతి తీసుకోండి. ఫ్లాష్, తెల్ల టార్చి రెండూ నిషిద్ధం. పిల్లలు పుట్టేవేళ తెల్ల వెలుతురు చూస్తే సముద్రం వదిలేసి ఊరివైపు పాకుతాయి.

రాయగడ జిల్లా చాటికొణ బుధవారం సంతకి డొంగ్రియా కొంధు ఆదివాసులు వస్తారు. అక్కడ ముందు అడగండి. ముఖం తిప్పుకుంటే కెమెరా దించెయ్యండి. డబ్బిచ్చి నిలబెట్టొద్దు. ఫొటో ప్రకటనకి వెళ్ళేదైతే ఒడియాలో రాసిన అనుమతి పత్రం వాళ్ళకి అర్థమయ్యే భాషలో చదివి వినిపించి సంతకమో వేలిముద్రో తీసుకోవాలి.

ఫ్యాక్టరీ పనికి కెమెరా, లెన్సు సీరియల్ నంబర్ల జాబితా రెండు కాపీలు తీసుకెళ్ళండి. లోపలికి పోయేటప్పుడు గేటు దగ్గర రాయించని లెన్సు బయటికి రావడానికి సాయంత్రమవుతుంది.

ఉప్పు, తేమ

తీరం ఊళ్ళలో వానాకాలం లెన్సుకి బూజు పట్టడం ఖాయం. గాలి బిగుతు డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పెట్టండి. బియ్యం సంచి వద్దు, బియ్యం పొడి ఫోకస్ రింగులోకి పోతుంది. లోపల చిన్న హైగ్రోమీటరు పెట్టి 40-50 శాతం మధ్య ఉంచండి. నారింజ రంగు జెల్ పచ్చబడితే 110-120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేస్తే మళ్ళీ పనికొస్తుంది. ఏసీ గదిలోంచి మండపానికి వచ్చేటప్పుడు బ్యాగు జిప్పు ఇరవై ముప్పై నిమిషాలు తియ్యొద్దు, అద్దం మీద చెమ్మ పడుతుంది. గోపాల్‌పురం బీచ్ నుంచి రాగానే ముందు ఊదుడు బల్బుతో ఇసుక దులిపి, తరవాతే గుడ్డ. గుడ్డ ముందు వేస్తే ఇసుకతో అద్దాన్ని గీరినట్టే. ట్రైపాడు కాళ్ళు మాత్రం ఆ రాత్రే మంచినీళ్ళతో కడిగి, సెక్షన్లు విప్పదీసి ఆరబెట్టండి, పొద్దున్నకైతే తాళాలు బిగుసుకుంటాయి.